దోబిన్యీ నదీచిత్రాలలో ప్రశాంతత ఎక్కడిది?

ఫ్రెంచి చిత్రకారుడు షార్ల్ ఫ్రాన్స్వా దోబిన్యీ (1817–1878) చిత్రాలలో నీరు, చెట్లు, ఆకాశం తప్ప మరేమీ కనబడవు, అన్నీ ఒకేలా ఉంటాయి గదా, వాటిని అంతగా మెచ్చుకోవడం ఎందుకని మీరు అడిగారు. ఉద్యోగరీత్యా పారిస్‌లో ఉన్న రోజులలో సెలవు దొరికితే వాజ్ నది ఒడ్డుకు వెళ్లి నీటిరంగులతో బొమ్మలు వేసుకునేవాడిని. ఆ అనుభవం మీద నాకు తోచినదేమంటే, ఆ ప్రశాంతత ఆయన గీసిన దృశ్యంలో కన్నా ఆయన కూర్చున్న చోటులోనే ఎక్కువగా ఉంది.

1857లో ఆయన ఒక పడవ సంపాదించి, దాని మీద చెక్కగది కట్టించి, వాజ్, సేన్ నదుల మీద తిరుగుతూ అందులోనే చిత్రాలు వేశారు. ‘బొతాం’ అనే ఆ పడవకు ఆయన మిత్రుడు, చిత్రకారుడు కోరో గౌరవ అడ్మిరల్!

వాజ్ తీరంలోని ఓవేర్ గ్రామం దగ్గర ఒడ్డున కూర్చుని నేను ఏ బొమ్మ మొదలుపెట్టినా, కాగితం కింది భాగమంతా గడ్డి, రెల్లు, బురద ఆక్రమించేవి. నది వాటి వెనక సన్నని పట్టీగా మిగిలిపోయేది. పడవలో ఉన్నవారికి ఆ ముందునేల అడ్డు లేదు. అందుకే దోబిన్యీ చిత్రాలు అనేకం నీటితోనే మొదలవుతాయి, ఒడ్డు దూరాన ఒక చీకటి గీతగా నిలుస్తుంది, దాని నీడ మనవైపు సాగుతుంది. పైగా కన్ను నీటిమట్టానికి దగ్గరయ్యే కొద్దీ నీటి లోపలి రంగు మరుగై ఆకాశపు ప్రతిబింబమే ఎక్కువవుతుంది కాబట్టి, పైనా కిందా ఒకే వెలుగు పరుచుకుంటుంది. ఆయన తరచుగా వాడిన, ఎత్తు కన్నా వెడల్పు బాగా ఎక్కువ ఉన్న చెక్కపలకలు ఈ అడ్డపు విస్తారానికి చక్కగా అమరాయి.

నది మాత్రం అంత నిశ్శబ్దంగా ఏమీ ఉండేది కాదు. 1862లో ఆయన ప్రచురించిన ఎచింగుల (లోహపు రేకు మీద గీసి అచ్చువేసిన బొమ్మల) వరుసలో ఒకటి, ఆవిరి పడవలు వస్తున్నాయి జాగ్రత్త అని హెచ్చరించే హాస్యచిత్రం. వాటి అలజడిని నదీచిత్రాలలోకి రానీయకపోవడం ఆయన ఎంపిక.

వివరాలు వదిలేసి, దృశ్యం మనసు మీద వేసే ముద్రతోనే (ఇంప్రెషన్) తృప్తిపడుతున్నాడని 1861లో విమర్శకుడు గోతియే ఆయనను తప్పుపట్టాడు. తరువాతి తరం ఆ దారినే పట్టింది: 1870లో ఇంప్రెషనిస్టు చిత్రకారుడు మోనే చిత్రాలను సలోన్ (పారిస్‌లోని అధికారిక చిత్రప్రదర్శన) తిరస్కరించినందుకు దోబిన్యీ న్యాయనిర్ణేతల సంఘానికి రాజీనామా చేశారు, ఆ పిమ్మట కొద్దికాలానికే మోనే సేన్ ఒడ్డున ఉన్న ఆర్జాంతై వద్ద తానూ ఒక పడవను చిత్రశాలగా మార్చుకున్నాడు.

చిత్రాలన్నీ ఒకేలా ఉన్నాయన్న మీ ఫిర్యాదులో కొంత నిజముంది. సలోన్ కోసం సిద్ధం చేసిన పెద్ద కాన్వాసులు కొన్ని నాకూ భారంగానే తోస్తాయి. మీరు చూసినవి అవే అయితే, చిన్న పలకల మీద వేసినవి వెతికి, ముందుగా వాటి అడుగు అంచు దగ్గర నీటిని ఎలా వదిలారో చూడండి.