చెరువులున్న ఇంట్లో పిల్లకి ఎంపీసీయా, బైపీసీయా?

"పదో తరగతి అయ్యాక పిల్ల ఇంటర్‌లో ఏ గ్రూపైతే ఏముంది, కష్టపడి చదివితే చాలదా" అని భీమవరం నుంచి అడిగారు. చాలదండి. మార్కులు తగ్గితే మళ్లీ రాసుకోవచ్చు, గ్రూపు తప్పితే రెండేళ్లు పోతాయి. లెక్కలు లేని బైపీసీ తీసుకుంటే కంప్యూటర్స్, సివిల్ లాంటి బీటెక్ దారులు మూసుకుపోతాయి. ఎంపీసీ పిల్ల బయాలజీ విడిగా కట్టి పాసైతే తప్ప డాక్టరు చదువుకి రాసే నీట్ రాయలేదు. బీఫార్మసీకి మాత్రం రెండు గ్రూపులవాళ్లూ వెళ్లొచ్చు.

రొయ్యల చెరువులున్నాయన్నారు. పిల్లకీ ఆ పని మీద ఇష్టముంటే బైపీసీ, ఆ తర్వాత నాలుగేళ్ల బీఎఫ్ఎస్సీ, అంటే చేపలు, రొయ్యల పెంపకం మీద డిగ్రీ. రొయ్య పిల్లల్ని పుట్టించే హేచరీల్లో, మేత కంపెనీల్లో, ల్యాబుల్లో ఉద్యోగాలుంటాయి. ఇష్టం ఉందో లేదో ఈ సెలవుల్లోనే తేల్చుకోండి. దగ్గర్లోని నీటి పరీక్షల ల్యాబులో వారం రోజులు కూర్చోబెట్టండి. ఉప్పుశాతం, పీహెచ్, అమ్మోనియా చూడటం, రొయ్యలకి తెల్లమచ్చ రోగం ఉందేమోనని పీసీఆర్ పరీక్ష పెట్టడం, రోజూ అదే పని. చెరువు గట్టు మీదైతే ఇంకో సంగతి: నీళ్లలో ఆక్సిజన్ తెల్లవారుజామునే బాగా పడిపోతుంది, కాబట్టి అది నిద్ర చెడే ఉద్యోగం. మూడోరోజుకే మొహం మొత్తితే అడ్మిషన్ ఫీజు కట్టకముందే తెలిసినట్టు.

బైపీసీ పిల్లలు దెబ్బతినేది ఫిజిక్స్‌లో. బీఎఫ్ఎస్సీ లాంటి సీట్లకి రాసే ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలు, 3 గంటలు: బయాలజీ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. పావు పేపరు ఫిజిక్సే. దానికి కావలసిన లెక్కలు ఆ గ్రూపులో ఉండవు, అందుకని భయపడి వదిలేస్తారు. చేరిన మొదటి మూడు నెలల్లో త్రికోణమితి, లాగరిథమ్స్, వెక్టర్లు విడిగా చెప్పించండి. ఈఏపీసెట్‌లో తప్పు రాస్తే మార్కులు కోయరు, ఏ ప్రశ్నా వదలొద్దనండి. నీట్‌లో అలా కాదు, తప్పుకి ఒక మార్కు పోతుంది. ర్యాంకు రాకపోతే మళ్లీ ఏడాది కోచింగ్ తీసుకునే లాంగ్‌టర్మ్ ఎన్నిసార్లో కూడా ముందే మాట్లాడుకోండి, ర్యాంకు వచ్చాక మాట్లాడితే ఏడుపులే.

లెక్కలు బాగా వచ్చి, మెషీన్ల మీద మనసుంటే పది తర్వాత పాలిటెక్నిక్ డిప్లొమాకి రాసే పాలిసెట్ వదలకండి. లెక్కలు 50, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 30, మొత్తం 120 మార్కులు. డిప్లొమా 3 ఏళ్లు, డిప్లొమా వాళ్ల ప్రవేశ పరీక్ష ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరితే ఇంకో 3. ఇంటర్ దారిలో ఇంటర్ 2, బీటెక్ 4. ఎలా వెళ్లినా ఆరేళ్లే. కాకపోతే పాలిటెక్నిక్ దారిలో మూడేళ్లకే చేతిలో ఒక పట్టా ఉంటుంది, రొయ్య పోయిన ఏడాది చదువు ఆపాల్సి వచ్చినా ఉద్యోగానికి పనికొస్తుంది. పాలిటెక్నిక్ అంటే చిన్నచూపు మన ఊళ్లలో ఇంకా ఉంది, పట్టించుకోకండి. కాకినాడ ఆంధ్రా పాలిటెక్నిక్‌కి ఒకసారి తీసుకెళ్లి వర్క్‌షాపు చూపించండి.