ఉద్యోగం మానేయమనాలా, ఓపిక పట్టమనాలా?

ప్రశ్న: మా అమ్మాయి చదువు అయిపోగానే ఉద్యోగంలో చేరింది, ఏడాది కావస్తోంది. జీతం బాగానే ఉంది, పై అధికారి కూడా మంచివారేనట. అయినా ఆదివారం సాయంత్రం అయ్యేసరికి మొహం వాడిపోతుంది. ఫోన్లో ధ్యానం యాప్ పెట్టుకుంది, రోజూ డైరీ రాస్తోంది, ఏదీ పనిచేయడం లేదని మానేస్తానంటోంది. నేనేం చెప్పాలి? - ఒక తల్లి

జవాబు: అమ్మా, ఇప్పుడప్పుడే రెండూ చెప్పకండి. పని నచ్చక మానేస్తానంటోందా, పని ఇంటికొచ్చినా వదలక అంటోందా, పొద్దున్నుంచి చేసిందంతా ఎటు పోతోందో తెలియక అంటోందా అనేది బహుశా తనకే ఇంకా తేలలేదు. అది తేలకుండా ఉద్యోగం మారితే కొత్త చోట కూడా ఇదే ఆదివారం సాయంత్రం వస్తుంది.

ముందు ఆ యాప్ సంగతి. అది పనిచేయలేదంటే లోపం తనలోనే ఉందని మీ అమ్మాయి అనుకుంటూ ఉంటే, ఈ విషయం చెప్పండి. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ పరిశోధకుడు విలియం ఫ్లెమింగ్ బ్రిటన్‌లో 46 వేల మందికి పైగా ఉద్యోగుల సర్వే సమాధానాలను పరిశీలించి 2024లో ఒక పేపర్ ప్రచురించారు. ఆఫీసుల్లో పెట్టే ఒత్తిడి తగ్గించుకునే శిక్షణలు, రిలాక్సేషన్ క్లాసులు, వెల్‌బీయింగ్ యాప్‌లు వాడినవాళ్లు వాడనివాళ్ల కంటే ఏమంత మెరుగ్గా లేరని అందులో తేలింది. ఒకే సమయంలో తీసుకున్న సర్వే కాబట్టి ధ్యానం దండగ అని దీన్నిబట్టి తీర్పు చెప్పలేం. కాకపోతే పని ఉన్నది ఉన్నట్టే ఉండి, మనిషి మాత్రం ప్రశాంతంగా మారిపోవాలంటే కష్టం. నేను సలహా ఇచ్చేటప్పుడు మనసుని సర్దుకునే అలవాట్ల కంటే పనిదినాన్ని సర్దుకునే అలవాట్లనే ముందు చెబుతాను.

ఆదివారం సాయంత్రం అన్నారు చూడండి, నాకు అక్కడే కొస దొరికింది. శుక్రవారం సగంలో వదిలేసిన పనులు శని, ఆదివారాలు బుర్రలో తిరుగుతూనే ఉంటాయి. సబీన్ సొనెన్‌టాగ్ అనే జర్మన్ మనస్తత్వవేత్త ఏళ్ల తరబడి పరిశోధించింది ఈ విషయం మీదే: ఆఫీసు నుంచి కాళ్లు బయటికొచ్చినా మనసు రాకపోతే, ఎంతసేపు కూర్చున్నా అలసట తీరదు. మరి మనసుని ఎలా బయటికి తేవాలి? 'ఆలోచించకు' అంటే కుదరదు. మాసికాంపో, బామైస్టర్ అనే ఇద్దరు 2011లో చూపించింది ఏమిటంటే, పూర్తికాని పని మనల్ని సతాయించడం ఆగాలంటే దాన్ని పూర్తే చేయనక్కర్లేదు, ఎప్పుడు ఎలా చేస్తామో కచ్చితంగా రాసి పెట్టుకున్నా చాలా వరకు ఆగుతుంది.

అందుకని ఆఫీసులో చివరి పది నిమిషాలు దీనికే ఉంచుకోమనండి. రాసే తీరు ముఖ్యం. 'రిపోర్టు' అని ఒక్క ముక్క రాస్తే లాభం లేదు, అది చూడగానే టెన్షన్ ఇంకా పెరుగుతుంది. 'సోమవారం 10 గంటలకు రిపోర్టులో మూడో పట్టిక అంకెలు సరిచూడాలి, తేడా వస్తే ఆ ఫైలు పంపినవాళ్లని అడగాలి, ఆ తర్వాతే నాలుగో పేజీ' అని రాయాలి. సోమవారం కుర్చీలో కూర్చోగానే చేయి ఎక్కడ పెట్టాలో తెలిసిపోవాలి, అంత వివరంగా అన్నమాట. రాత్రి నిద్ర పట్టకపోయినా ఇదే పని చేయొచ్చు. 2018లో 57 మందితో చేసిన ఒక ప్రయోగంలో, పడుకునే ముందు ఐదు నిమిషాలు రాబోయే పనుల జాబితా రాసినవాళ్లు, అయిపోయిన పనులు రాసినవాళ్ల కంటే సగటున 9 నిమిషాలు ముందే నిద్రపోయారు.

డైరీ మానేయమనకండి, అందులో రాసేది మార్చమనండి. ఇంట్లో జరిగిన మంచి విషయాలు రాయడం మంచిదే, కానీ ఆఫీసు రోజు ఎలా గడిచిందనేదానికి జవాబు అందులో దొరకదు. తెరెసా అమాబిలె, స్టీవెన్ క్రేమర్ అనే ఇద్దరు పరిశోధకులు ఏడు కంపెనీల్లో 238 మంది రోజూ రాసిన డైరీలు, అంటే దాదాపు 12 వేల ఎంట్రీలు చదివారు. మంచి రోజు అని జనం రాసుకున్న రోజుల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించింది పొగడ్తా కాదు, బోనస్సూ కాదు. తాము విలువైనదనుకునే పని ఎంతో కొంత ముందుకు జరగడం. కాబట్టి రోజూ ఒకే ఒక్క వాక్యం చాలు: 'ఈరోజు ఏది ముందుకు జరిగింది?' వరుసగా చాలా రోజులు ఏమీ రాయలేకపోతే అది కూడా సమాచారమే, ఆ కాగితం పట్టుకునే పై అధికారి దగ్గరికి వెళ్లొచ్చు.

వెళ్లి ఏం అడగాలి? ఏడాది అనుభవంతో 'నా పని మార్చండి' అంటే ఎవరూ వినరు, నిజమే. చిన్నది అడగాలి. ఎమీ రెస్నెవ్‌స్కీ, జేన్ డటన్ అనే ఇద్దరు పరిశోధకులు 2001లో రాసిన పేపర్‌లో ఆసుపత్రి శుభ్రం చేసే సిబ్బంది గురించి చెబుతారు. అందరిదీ ఒకే ఉద్యోగం, ఒకే పనుల జాబితా. కొందరు ఊడ్చి వెళ్లిపోయేవారు. ఇంకొందరు రోగులతో, వాళ్లని చూడటానికి వచ్చినవాళ్లతో మాట్లాడేవారు, నర్సుల పని తేలికయ్యేలా తమ పనిని సర్దుకునేవారు, రోగులు కోలుకోవడంలో తమకూ పాలుందనుకునేవారు. వాళ్లకి పని నచ్చింది. మీ అమ్మాయి తయారుచేసేది చివరికి ఎవరు వాడుతున్నారో తనకి తెలుసా? చాలామంది కొత్త ఉద్యోగులకి తెలియదు! ఆ వాడేవాళ్లతో జరిగే మీటింగ్‌లో ఒక్కసారి కూర్చోనివ్వమని అడగడం, తనకి చేయి తిరిగిన పని ఇంకొంచెం ఎక్కువ తీసుకుంటానని అడగడం, ఇలాంటివాటికి కాదనే అధికారులు తక్కువ.

ఈమెయిల్ విషయం ఒక్క మాటలో చెబుతాను. 2015లో కుష్లెవ్, డన్ అనే ఇద్దరు కొంతమందిని వారం పాటు రోజుకు మూడుసార్లే మెయిల్ చూడమన్నారు, ఆ వారం వాళ్లకి ఒత్తిడి తగ్గింది. మూడుసార్లు అందరికీ కుదరదు, గంటకోసారైనా మేలే.

ఇక మీ సంగతి. తను ఇంటికి రాగానే 'ఇవాళైనా బాగుందా?' అని అడుగుతున్నారేమో, అడగొద్దు. దాని బదులు ఏదైనా చిన్న మంచి కబురు చెప్పినప్పుడు 'ఓహో, బాగుంది' అని వదిలేయకుండా 'ఎలా చేశావు, వాళ్లేమన్నారు?' అని కూర్చోబెట్టి అడగండి. మన మంచి కబురుని దగ్గరివాళ్లు ఉత్సాహంగా అందుకుంటే ఆ సంతోషం ఇంకా పెరుగుతుందని షెల్లీ గేబుల్ అనే మనస్తత్వవేత్త బృందం 2004లో చూపించింది. ఇందులో ఏ కంపెనీ సాయమూ అక్కర్లేదు.

ఇదంతా పని గంటలు సవ్యంగా ఉంటేనే. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్లకి 35-40 గంటలు చేసేవాళ్ల కంటే పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో అంచనా వేశాయి. అలాంటి చోట అలవాట్లు నేర్చుకుంటూ కూర్చోకుండా వేరే ఉద్యోగం వెతుక్కోవడమే మంచిది. నిద్ర, తిండి రెండు వారాలకు మించి దెబ్బతిన్నా, ఊరికే ఏడుపొస్తున్నా, కెరీర్ మాట పక్కన పెట్టి ముందు డాక్టర్‌కి చూపించండి.

అలాంటిదేమీ లేకపోతే ఒక మూడు నెలలు ఇలా చేసి చూడమనండి. అప్పటికీ మానేయాలనే అనిపిస్తే మానేయనివ్వండి, కాకపోతే ఇంకో ఉద్యోగం చేతికొచ్చాక. ఈలోగా రాసుకున్న ఆ ఒక్కో వాక్యాన్నీ వరుసగా చదివితే ఎలాంటి పని చేసిన రోజుల్లో తను బాగుందో కనిపిస్తుంది, దరఖాస్తులు అలాంటి పనికే పెట్టుకోమనండి.