కంపెనీకి జరిమానా పడితే మాకేమైనా వస్తుందా?

ప్రశ్న: మేం కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటాం. ఫిబ్రవరిలో వంటింటి పైపు పగిలి ఫ్లోరింగ్, క్యాబినెట్లు పాడయ్యాయి. మార్చి 3న కాగితాలన్నీ ఇన్సూరెన్స్ కంపెనీకి ఇచ్చాం. రెండు నెలలు దాటినా ఫోన్ చేస్తే ‘రివ్యూలో ఉంది’ అంటున్నారు. రిపేర్ల ఖర్చు 18,000 డాలర్లు 24 శాతం వడ్డీ కార్డు మీద పెట్టాం. రాష్ట్ర బీమా శాఖకు ఫిర్యాదు చేస్తే ఒక్కో తప్పుకు 10,000 డాలర్ల దాకా జరిమానా వేస్తారట. అది మాకొస్తే కార్డు తీర్చేయొచ్చా? వీసా మీద ఉన్నాం, ఫిర్యాదులెందుకని మావారి భయం.

జవాబు: ఆ జరిమానా మీకు రాదండీ. పడినా పోయేది ప్రభుత్వ ఖజానాకే. బడ్జెట్‌లోంచి ఆ అంకె ఇప్పుడే కొట్టేయండి.

మీరు విన్నదాంట్లో నిజం లేకపోలేదు. అమెరికాలో బీమాను నియంత్రించేది ప్రధానంగా రాష్ట్రాలే. కాలిఫోర్నియా చట్టం ప్రకారం క్లెయిముల్లో అన్యాయంగా వ్యవహరిస్తే ఒక్కో తప్పుకు 5,000 డాలర్ల దాకా, కావాలని చేస్తే 10,000 దాకా జరిమానా వేసే అధికారం రాష్ట్ర బీమా శాఖ అధిపతి అయిన కమిషనర్‌కు ఉంది. కానీ అలాంటి కేసు తేలే సరికి ఏళ్లు పట్టొచ్చు. 9 లక్షలకు పైగా ఉల్లంఘనలకు పసిఫిక్‌కేర్ అనే ఆరోగ్య బీమా కంపెనీ మీద అప్పటి కమిషనర్ డేవ్ జోన్స్ 2014లో 17.36 కోట్ల డాలర్ల జరిమానా వేశారు. కంపెనీ కోర్టుకెక్కింది. కమిషనర్ ఆధారపడ్డ నిబంధనలు చెల్లుతాయని అప్పీల్ కోర్టు చెప్పింది 2018లో!

అయినా ఫిర్యాదు పెట్టండి. మీకు పనికొచ్చేది జరిమానా కాదు, గడువులు. ఆధారాలు అందిన 40 రోజుల్లో ఔననో కాదనో చెప్పాలి. ఇంకా టైమ్ కావాలంటే కారణం రాతపూర్వకంగా ఇచ్చి, ఆపైన ప్రతి 30 రోజులకూ ఒక ఉత్తరం రాయాలి. మీ లెక్కలో ఏప్రిల్ 12కే గడువు అయిపోయింది. ఫోన్‌లో ‘రివ్యూ’ అనేస్తే సరిపోదు. శాఖ వివరణ అడిగితే కంపెనీ 21 రోజుల్లో పూర్తి జవాబివ్వాలి. నెలల తరబడి కదలని ఫైలు చాలాసార్లు అప్పుడే కదులుతుంది.

ఫిర్యాదులో కోపం వద్దు, తేదీలు చాలు: ‘మార్చి 3, ప్లంబర్ బిల్లు, ఫొటోలు, రిపేర్ అంచనా పంపాను. ఏప్రిల్ 12 దాటినా నిర్ణయం లేదు, ఉత్తరమూ లేదు.’ క్లెయిముకు సంబంధించిన కాగితాల నకళ్లు కంపెనీని రాతపూర్వకంగా అడగండి, 15 రోజుల్లో ఇవ్వాలి.

ఎంత నష్టం జరిగిందో, తప్పెవరిదో శాఖ తేల్చదు. నీళ్లు ఎన్నాళ్లుగానో కారుతున్నాయని కంపెనీ అడ్డం తిరిగిందంటే మీకు అక్కరకొచ్చేది పైపు ఒక్కసారిగా పగిలిందని ప్లంబర్ రాసిచ్చే కాగితం. ఆ పగిలిన ముక్క గ్యారేజీలో ఉంటే దయచేసి పారేయకండి.

వీసా గురించి మీవారికి చెప్పండి: ఇది కంపెనీ మీద పెట్టే ఫిర్యాదు, ఇమిగ్రేషన్‌తో దీనికి సంబంధం లేదు.

ఇక అసలు టెన్షన్ కార్డుది. 24 శాతమంటే నెలకు 360 డాలర్లు వడ్డీకే పోతున్నాయి. క్లెయిమ్ కోసం కాచుక్కూర్చోకుండా క్రెడిట్ యూనియన్‌లో (సభ్యులే నడుపుకునే సహకార బ్యాంకు లాంటిది) పర్సనల్ లోన్‌కు అడగండి. ఫెడరల్ క్రెడిట్ యూనియన్లు 18 శాతం దాటకూడదు, మంచి స్కోరుంటే ఇంకా తక్కువకే ఇస్తాయి. 401కె (ఉద్యోగం ద్వారా దాచుకునే రిటైర్మెంట్ ఖాతా) మీద అప్పు జోలికి ఇప్పుడే వెళ్లకండి. వీసా మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే ఆ అప్పు మెడకు చుట్టుకుంటుంది. క్లెయిమ్ డబ్బు రాగానే లోన్‌కే కట్టేయండి. చెక్కు మీద మీ హోమ్ లోన్ బ్యాంకు పేరు కూడా ఉండొచ్చు, వాళ్ల సంతకానికి కొన్ని రోజులు కలుపుకోండి.

కంపెనీ కాదంటే లాయర్ దగ్గరికి వెళ్లడం ఆలస్యం చేయకండి. చాలా ఇంటి పాలసీల్లో దావాకు ఏడాదే గడువు. కంపెనీ పరిశీలిస్తున్న రోజుల్ని కోర్టులు అందులో లెక్కించవు గానీ, తిరస్కరణ ఉత్తరం వచ్చాక లెక్క ఆగిన చోటి నుంచే కొనసాగుతుంది. శాఖ దగ్గర ఫిర్యాదు నడుస్తోంది కదా అని అది ఆగదు.