పూల్ గోడలకు జిగురు, పిల్లలకు పొక్కులు... ఏం చేయాలి?

ప్రశ్న: మా ఇంట్లో 40 వేల లీటర్ల స్విమ్మింగ్ పూల్ ఉంది. బోరు నీళ్లే నింపుతాం. కొంతకాలంగా నిచ్చెన వెనక, లైటు చుట్టూ లేత గులాబీ రంగు జిగురు పడుతోంది. ట్రైక్లోర్ (క్లోరిన్) బిళ్లలు వేస్తున్నా పోవడం లేదు. ఈత కొట్టిన రెండో రోజుకల్లా మా పాపకు పొట్ట, పిరుదుల మీద ఎర్రటి పొక్కులు వస్తున్నాయి. బాబుకు చెవి నొప్పి. మా అత్తగారికి షుగర్. మోకాళ్ల కోసం ఆవిడా రోజూ ఆ నీళ్లలో నడుస్తారు. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు, మేడ్చల్

జవాబు: ముందు పూల్‌లోకి ఎవరూ దిగకుండా ఆపేయండి. పాపకు వచ్చింది ఫాలిక్యులైటిస్, అంటే వెంట్రుకల కుదుళ్ల ఇన్ఫెక్షన్ అనిపిస్తోంది. పూల్ నీళ్ల వల్ల వచ్చేదానికి ఎక్కువగా కారణం సూడోమోనాస్ బ్యాక్టీరియా. తడి స్విమ్‌సూట్ అంటుకుని ఉన్నచోటే పొక్కులు ఎక్కువగా రావడం దీని గుర్తు. మామూలుగా వారం పది రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ కలిసిన క్రీములు మాత్రం రాయకండి, ఇన్ఫెక్షన్ ముదురుతుంది. జ్వరం వచ్చినా, చీము పట్టినా చర్మ వైద్యులకు చూపించండి.

బాబుకు చెవి తమ్మె లాగినప్పుడు నొప్పి పెరుగుతుంటే అది చెవి రంధ్రంలో వచ్చిన ఇన్ఫెక్షన్. నూనె కాచి పోయడం, ఇయర్ బడ్స్ పెట్టడం వద్దు. ఈఎన్‌టీ వైద్యులు చూసి చుక్కల మందు రాస్తారు. షుగర్ ఉన్న పెద్దవాళ్లలో ఇదే ఇన్ఫెక్షన్ ఎముక దాకా పాకే ప్రమాదం ఉంది. మీ అత్తగారికి నిద్ర పట్టనంత చెవిపోటు వస్తే అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇక జిగురు సంగతి. పాచి అయితే పచ్చగా ఉంటుంది, ఎండ తగిలేచోట పెరుగుతుంది. మీరు చెప్పినది బ్యాక్టీరియా తమ చుట్టూ తామే కట్టుకునే పొర. క్లోరిన్ ఆ పొర పైభాగంలోనే ఖర్చయిపోతుంది, అడుగున ఉన్నవి బతికిపోతాయి. అందుకే రుద్దకుండా ఎంత మందు పోసినా దండగే.

మీ బిళ్లలతో ఇంకో చిక్కు ఉంది. వాటి నుంచి 10 పీపీఎం (లీటరు నీటికి 10 మిల్లీగ్రాములు) క్లోరిన్ నీళ్లలో కలిస్తే, దాంతోపాటు క్లోరిన్‌ను ఎండ నుంచి కాపాడే సయన్యూరిక్ యాసిడ్ సుమారు 6 పీపీఎం చేరుతుంది. అది ఎండకు పోదు, పేరుకుంటూనే ఉంటుంది. 100 దాటితే పరీక్షలో క్లోరిన్ కనిపిస్తుంది కానీ పని బాగా మందగిస్తుంది. నీళ్లు మార్చడం తప్ప దీనికి మంచి మార్గం లేదు. అలాగని పూల్ మొత్తం ఖాళీ చేయకండి. వానాకాలంలో కింది నీటి ఒత్తిడికి అడుగు పైకి లేచి పగలొచ్చు. మూడో వంతు చొప్పున తోడి నింపుతూ 50 లోపుకు తెండి.

తర్వాత పీహెచ్, అంటే నీళ్ల ఆమ్ల, క్షార గుణాల కొలత. పీహెచ్ 8 దగ్గర వేసిన క్లోరిన్‌లో చురుగ్గా పనిచేసేది పావు వంతు కూడా ఉండదు. పంపు తిరుగుతుండగా హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఒక్కోసారి 250 మిల్లీలీటర్లే పోసి, నాలుగు గంటలాగి మళ్లీ చూసుకుంటూ 7.2 - 7.4కు తెండి.

ఇప్పుడు రుద్దుడు. అసలు పని ఇదే. నిచ్చెన ఊడదీసి గొట్టాల లోపలి నుంచి కడగాలి. కరెంటు మెయిన్ ఆపి లైటును గూట్లోంచి బయటికి తీస్తే దాని వెనకే ఎక్కువ జిగురు కనిపిస్తుంది. పైన తేలే చెత్తను పట్టే స్కిమ్మర్ బుట్ట, నీళ్లు తిరిగొచ్చే రంధ్రాల మూతలు, వాక్యూమ్ పైపు, రబ్బరు బొమ్మలు ఏవీ వదలొద్దు. టైల్స్ సందులకు గట్టి బ్రష్ వాడండి.

అదే సాయంత్రం క్లోరిన్‌ను 20 పీపీఎంకు పెంచండి. మీ పూల్‌కు 10 శాతం లిక్విడ్ క్లోరిన్ 8 లీటర్లు కావాలి. బోరు నీళ్లు గట్టివి కాబట్టి బ్లీచింగ్ పౌడర్ వేస్తే తెల్లటి మడ్డి దిగుతుంది, అందుకే లిక్విడే మేలు. ఎండలో నిల్వ ఉన్న డబ్బాకు బలం తగ్గిపోతుంది, తాజాది కొనండి. యాసిడ్, క్లోరిన్ ఒకే బకెట్‌లో కలిస్తే విషవాయువు వస్తుంది. రెండింటికీ వేర్వేరు మగ్గులు పెట్టుకోండి. కనీసం 10 గంటలు పంపు ఆపకుండా నడిపి, తర్వాత శాండ్ ఫిల్టర్‌ను నీళ్లు తేటపడేదాకా బ్యాక్‌వాష్ చేయండి, అంటే నీళ్లను వెనక్కి పంపి కడగండి. కార్ట్రిడ్జ్ ఫిల్టర్ అయితే కొత్తది వేయడమే మంచిది.

కొలిచే కిట్ దగ్గరా మోసపోతుంటారు. పసుపు రంగు వచ్చే ఓటీఓ చుక్కలు మొత్తం క్లోరిన్‌నే చూపిస్తాయి, పనికొచ్చేది ఎంతో చెప్పవు. గులాబీ రంగు వచ్చే డీపీడీ కిట్ కొనండి. క్లోరిన్ మరీ ఎక్కువున్నా దాని రంగు ఎగిరిపోయి సున్నా అనిపిస్తుంది. అప్పుడు ఒక వంతు పూల్ నీళ్లకు తొమ్మిది వంతులు డిస్టిల్డ్ వాటర్ కలిపి చూసి, వచ్చిన అంకెను పదితో గుణించండి.

జిగురు పోయిందో లేదో తెలియాలంటే పొద్దుగూకాక ఒకసారి, తెల్లవారకముందు ఒకసారి క్లోరిన్ కొలవండి. రాత్రి ఎండ ఉండదు కాబట్టి 1 పీపీఎం కంటే ఎక్కువ తగ్గితే ఎక్కడో ఇంకా ఉన్నట్టే. మళ్లీ రుద్ది మళ్లీ పోయాలి. పైపుల్లో పేరుకున్నది మొదటిసారికే వదలకపోవచ్చు, విసుగు పడకండి.

ఈ రాత్రి పరీక్షలో క్లోరిన్ తగ్గకుండా నిలిచి, తర్వాత 3కు దిగి, పీహెచ్ 7.2 - 7.6 మధ్య ఉంటే పిల్లలు దిగొచ్చు, అదీ పొక్కులు, చెవి నొప్పి పూర్తిగా తగ్గాకే. ఆ తర్వాత రోజూ కొలుస్తూ 2కు తగ్గనివ్వకండి. మీ అత్తగారిని ఇంకో వారం ఆగి దింపండి. ఆవిడ పాదాల మీద చిన్న పుండు, పగులు ఉన్నా అది మానేదాకా నీళ్లలో నడక వద్దు.