బొమ్మ ఉచితమే, ముందు గోడ చూసుకో

నెల్లూరు

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

బాడుగింట్లో హాలు గోడ బోసిగా ఉందనీ, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే బొమ్మల్ని ప్రింటు తీయించి పెట్టుకుంటాననీ రాశావు. మంచి ఆలోచనే. అయితే బొమ్మ కన్నా ముందు గోడ చూడు. మన వైపు గట్టి వానలన్నీ అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే. బయటి గోడలూ, బాత్రూమును ఆనుకున్న గోడా నెమ్ము పడతాయి. రంగు పెచ్చులూడిన చోట ఎంత మంచి ఫ్రేమ్ తగిలించినా ఒక్క వానాకాలానికే కాగితం అలలు తేలి, అద్దం లోపల బూజు పడుతుంది. రెండు గదుల మధ్య గోడ ఎంచుకో. నేరుగా ఎండ పడే చోటు కూడా వద్దు, రంగు పాలిపోతుంది.

సోఫా పైన పెట్టాలంటే బొమ్మలన్నీ కలిపి సోఫా వెడల్పులో మూడింట రెండొంతులకి దగ్గరగా రావాలి. ఆరడుగుల సోఫాకి అడుగు వెడల్పు ఫ్రేములు మూడు, మధ్యలో మూడేసి అంగుళాల ఖాళీ వదిలితే మూడున్నర అడుగులు వస్తుంది, సరిపోతుంది. పాత పేపర్లు అదే సైజుకి కత్తిరించి గోడకి అతికించి రెండు రోజులు చూడు. మనసు మార్చుకునేదేదో అప్పుడే మార్చుకో.

ఇక బొమ్మలు. సామర్లకోటలో పనిచేసిన ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ మన కోరమండల్ తీరం మొక్కల్ని ఇక్కడి చిత్రకారుల చేత వేయించాడు. వాటిలో కొన్ని 300 పటాలుగా, మూడు సంపుటాల్లో, 1795 నుంచి 1820 దాకా లండన్‌లో అచ్చయ్యాయి. బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ సైట్‌లో ఉచితంగా దించుకోవచ్చు. తాటిచెట్టుకి బోరాసస్ అనీ, మోదుగకి బ్యూటియా అనీ ఇంగ్లీషులో కొట్టి వెతుకు. ఎక్కడో విదేశీ సముద్రం బొమ్మ కన్నా, మన పొలం గట్టు మీద తాటిచెట్టు హాల్లో ఉంటే ఇంటికే అందం. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం కూడా కాపీరైటు హక్కులు తీరిపోయిన చిత్రాలని 2017 నుంచి ఉచితంగా ఇస్తోంది. మన దేశంలో చిత్రకారుడు పోయిన 60 ఏళ్లకి గానీ హక్కు తీరదు. రవివర్మ 1906లో పోయాడు, ఇబ్బంది లేదు. బాపు గారు పోయింది 2014లో. ఆయన బొమ్మ కావాలంటే కొనుక్కో, దించుకోకు.

చాలామంది తప్పు చేసేది ఫైలు దగ్గరే. ఫోన్లో నిగనిగలాడిన బొమ్మ కాగితం మీద మసకబారుతుంది, చుక్కలు చాలక. ఫైలు పిక్సెళ్లని (అవే ఆ చుక్కలు) 200తో భాగించు, అన్ని అంగుళాలకే అది పనికొస్తుంది. 1200 బై 1800 ఉంటే ఆరు బై తొమ్మిది అంగుళాలు, అంతే. ఏ-4కి కనీసం 1650 బై 2340 కావాలి, 2480 బై 3508 ఉంటే ఇంకా మేలు. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే అది కుదించేస్తుంది. డాక్యుమెంటుగా పంపు, లేదా పెన్‌డ్రైవ్‌లో పట్టుకుపో.

శుభలేఖలు అచ్చేసే డిజిటల్ ప్రెస్‌కే వెళ్లు. లేజర్ ప్రింటు, 250 జీఎస్ఎం మ్యాట్ కార్డు అని అడుగు. మెరిసే కాగితం వద్దు, ట్యూబులైటు అందులో అద్దంలో లాగా కనిపిస్తుంది. లేజర్‌లో పొడి రంగు వేడికి కరిగి కాగితానికి పట్టేస్తుంది కాబట్టి నెమ్ముకి చెదరదు. మామూలు ఇంకుజెట్ ప్రింటు తడిచెయ్యి తగిలితేనే అలుక్కుంటుంది. ముందు ఒక్కటే తీయించి పగటి వెలుతుర్లో చూడు. ఫోన్లో కన్నా కాస్త ముదురుగా వస్తుంది, అప్పుడు వెలుగు కొద్దిగా పెంచమను. రాక్స్‌బర్గ్ పటాల వెనక ఉన్న పాత కాగితం రంగుని మాత్రం తెల్లగా చేయించకు, అందమంతా పోతుంది.

మిగిల్చిన డబ్బు ఫ్రేముకి పెట్టు. దేవుడి పటాలు కట్టే షాపులో అంగుళం సింథటిక్ ఫ్రేమ్ చెప్పు, దానికి చెదలు పట్టదు. ఏ-4 ప్రింటుకి మీగడ రంగు మౌంటు బోర్డు (బొమ్మ కనపడేలా మధ్యలో కిటికీ కోసిన అట్ట), చుట్టూ రెండంగుళాలు. లోపలి కిటికీ ఏడుముప్పావు బై పదకొండుంపావు అంగుళాలు. అట్లా అయితే ప్రింటు అంచు చుట్టూ దాదాపు పావంగుళం మౌంటు కిందకి పోయి, ప్రింటరు వదిలేసే తెల్ల అంచు దాగిపోతుంది. మౌంటు ఉంటే బొమ్మ అద్దానికి తగలదు, నెమ్ముకి అతుక్కోదు. షాపతను ఫెవికాల్ రాసి అట్టకి అంటిస్తానంటే ఒప్పుకోకు. పై అంచున రెండు చోట్ల కాగితం టేపు చాలు. కాగితం తేమకి పెరుగుతుంది, తరుగుతుంది, దానికి కదిలే చోటు లేకపోతే ఉబ్బుతుంది. వెనక కింది మూలల్లో రెండు రబ్బరు ముక్కలు అతికించమను. గోడకీ ఫ్రేముకీ మధ్య గాలి ఆడుతుంది.

తగిలించేటప్పుడు బొమ్మ నడిమి భాగం నేల నుంచి 57 అంగుళాల ఎత్తున ఉండాలి. సోఫా పైన అయితే సోఫా వీపు నుంచి ఫ్రేమ్ కింది అంచుకి ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు. రెండు వైపులా అంటుకునే టేపు సున్నం గోడ మీద నిలవదు, సున్నంతో సహా ఊడి పడుతుంది. ఇంటాయన మేకులు వద్దంటే ఉన్న క్యాలెండరు మేకునే వాడుకో. అది ఎప్పుడూ ఎత్తులోనే ఉంటుంది కాబట్టి దానికి గాలపు దారం కట్టి కిందకి దించు. దూరానికి కనపడదు. నైలాన్ ముడి జారుతుంది, అందుకని దారం రెండు పేటలు వేసి, మూడు చుట్లు తిప్పి ముడెయ్యి. ఫ్రేమ్ వదిలేముందు చేత్తో కిందకి గట్టిగా లాగి చూడు.

ఇట్లు,
మీ పెదనాన్న