కౌంటర్ వెనక నుంచి: ఊరికే చూసి పోవచ్చా?

విజయవాడ ఏలూరు రోడ్డు పక్క సందులో ఒక స్టేషనరీ షాపులో 34 ఏళ్ళు నిలబడ్డాను. మొదట గుమాస్తాగా, తర్వాత ఓనరుగా. ఇప్పుడు గల్లాపెట్టె అల్లుడిది, ఈ శీర్షిక నాది. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో తెనాలి ఆవిడ రాసింది నన్ను బాగా పట్టుకుంది కాబట్టి ఎక్కువ చోటు ఆవిడకే పోయింది. మిగతావాళ్ళు ఏమీ అనుకోవద్దు.

*

ప్రశ్న: నాకు స్టేషనరీ షాపులంటే పిచ్చి. రెండు నెలలకోసారి విజయవాడ వచ్చి ఏలూరు రోడ్డు, బీసెంట్ రోడ్డు తిరుగుతూ పెన్నులు, డైరీలు, గ్రీటింగ్ కార్డులు, పుస్తకాలు చూస్తూ గంటలు గడిపేస్తాను. కొనేది మాత్రం ఏ యాభై రూపాయల సరుకో. "కొనేది లేనప్పుడు వాళ్ళ షాపంతా కెలకడం ఎందుకు" అని మావారు విసుక్కుంటారు. ఊరికే చూసి రావడం నిజంగా తప్పా? ఒక్క రోజులో అన్నీ చూడాలంటే ఎలా తిరగాలి?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీవారికి నా నమస్కారం చెప్పండమ్మా. ఆయన మాటలో కొంత నిజం ఉంది. అది ముందు ఒప్పేసుకుంటాను.

బోణీ కాకముందు రావద్దు. పొద్దున్నే షట్టర్ ఎత్తి, వాకిట్లో నీళ్ళు చల్లి, దేవుడి పటానికి అగరొత్తి వెలిగించి కూర్చుంటాం. ఆ వేళకి వచ్చి, పది పెన్నులు గీసి చూసి, "మళ్ళీ వస్తానండీ" అని వెళ్ళిపోతే ప్రాణం ఉసూరుమంటుంది. మూఢనమ్మకమే, నాకూ తెలుసు. వట్టి చేతులతో వెళ్ళినవాళ్ళతో మొదలైన రోజున కూడా సాయంత్రానికి గల్లా నిండిన సందర్భాలు ఎన్నో చూశాను. అయినా మనసు ఒప్పుకోదు. ఆ వేళకే రావాల్సి వస్తే ఒక రబ్బరు కొనండి, చాలు. మిగతా రెండు గంటలూ మీ ఇష్టం.

రెండోది, జూన్. 12న బడులు తెరుస్తారు. దానికి వారం ముందు నుంచి నెలాఖరు దాకా మేం మనుషుల్లో ఉండం. ఒక చేతిలో అట్టల కట్ట, ఇంకో చేతిలో లేబుళ్ళు, ఎదురుగా పిల్లల లిస్టులు పట్టుకున్న ఇరవై మంది తల్లిదండ్రులు. అప్పుడు "ఆ పై అరలో డైరీ ఒకసారి చూపిస్తారా" అంటే ఎంత మంచివాడైనా కసురుకుంటాడు.

ఈ రెండూ వదిలేస్తే ఎప్పుడైనా రండి. అమ్మేవాడికి ఊరికే చూసేవాళ్ళు బరువు కాదు. మా షాపుకి ఒక లెక్చరర్ గారు వచ్చేవారు. ప్రతి శనివారం సాయంత్రం వచ్చి నోట్‌బుక్కులు తీసి, కాగితాన్ని బొటనవేలూ చూపుడువేలూ మధ్య పెట్టి రుద్ది, మళ్ళీ ఎక్కడివక్కడ సర్ది వెళ్ళిపోయేవారు. మా కుర్రాడు ఆయనకి "తడుముడు మాస్టారు" అని పేరు పెట్టాడు. ఏడాది చూసి చూసి, ఒకరోజు ఉండబట్టలేక అడిగాను, "ఏం కనిపెట్టారండీ ఇంతకీ?" అని. ఏ కంపెనీ కాగితం మీద ఇంకు పాకుతుందో, ఏది ఎండాకాలం చెమట చేతికి అంటుకుంటుందో, ఏ పుస్తకం కుట్టు మూడు నెలలకే ఊడుతుందో వరసగా చెప్పారు. నేను ఆ సరుకు అమ్ముతున్నానే గానీ అందులో సగం నాకు తెలీదు. తర్వాత కొత్త సరుకు ఆర్డరు పెట్టే ముందు శాంపిల్ ఆయనకి చూపించేవాణ్ణి. ఆయన మా దగ్గర మొత్తం మీద కొన్నది ఏ రెండు వందల సరుకో.

మరి మాకు ఒళ్ళు మండేది ఎప్పుడంటే, వేలు నాలిక మీద తడుపుకుని పుస్తకం పేజీ తిప్పినప్పుడు. దొంతరలో అడుగున ఉన్నది లాగి పైవన్నీ కూలగొట్టినప్పుడు. కార్డు మీది ప్లాస్టిక్ కవరు చింపి చూసి అలాగే వదిలేసినప్పుడు. అన్నిటికన్నా, మా కౌంటర్ ముందే నిలబడి, మా ఫ్యాను గాలి కింద, ఫోనులో ఆన్‌లైన్ ధర చూసి "అక్కడ ముప్పై తక్కువుంది" అన్నప్పుడు. చూసుకోండి, ఎవరు వద్దన్నారు, బయటికెళ్ళి చూసుకోండి.

ఇక తిరగడం. తెనాలి నుంచి రైల్లో వస్తారనుకుంటున్నాను. స్టేషన్లో దిగి గాంధీనగర్ మీదుగా ఏలూరు రోడ్డుకి ఆటో ఎక్కండి. విశాలాంధ్ర, ప్రజాశక్తి, నవోదయ పుస్తకాల షాపులన్నీ ఆ రోడ్డు మీదే. ఒక మాట. తెలుగు పుస్తకాల వెనక "కారల్ మార్క్స్ రోడ్డు, విజయవాడ" అని అడ్రసు చూసి ఉంటారు. అదీ ఇదీ ఒకటే. ఆటో అబ్బాయితో మాత్రం ఏలూరు రోడ్డు అనే చెప్పండి, మార్క్స్ పేరు చెబితే ఊరంతా తిప్పుతాడు. పుస్తకాల షాపుల్లో మధ్యాహ్నం పూట రద్దీ ఉండదు, స్టూలు వేసి కూర్చోమంటారు కూడా. నచ్చినవి అక్కడే పక్కన పెట్టించండి. "సాయంత్రం వచ్చి తీసుకెళ్తాను" అంటే ఎవరూ కాదనరు. బరువు మోసుకుంటూ తిరిగితే రెండో షాపుకే విసుగొస్తుంది.

ఎండ తగ్గాక బీసెంట్ రోడ్డు. అనీబిసెంట్ పేరు పెట్టుకున్న ఆ రోడ్డులో ఇప్పుడు జడ క్లిప్పుల దగ్గర్నుంచి చెప్పుల దాకా దొరకనిది లేదు. గిఫ్టు ఐటాలు, ఫొటో ఫ్రేములు, కీచెయిన్లు లైట్లు వెలిగాక చూస్తేనే బాగుంటాయి. పొద్దున అదే ఫ్రేము చూస్తే గీతలన్నీ కనిపిస్తాయి. అలాగని లైట్ల వెలుగులో మోసపోకండి, కొనేటప్పుడు గుమ్మం దాకా తెచ్చి చూడండి.

వన్‌టౌన్ వైపు, అంటే కాళేశ్వరరావు మార్కెట్ చుట్టూ ఉన్న హోల్‌సేల్ సందులకి, ఊరికే చూడ్డానికి మాత్రం వెళ్ళకండి. (ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీకి మొదటి స్పీకరు అయ్యదేవర కాళేశ్వరరావు గారు. ఆ మార్కెట్లో ఉల్లిపాయలు బేరమాడేవాళ్ళలో ఎంతమందికి తెలుసో!) అక్కడ లెక్క డజన్లలో, గ్రోసుల్లో. గ్రోసంటే పన్నెండు డజన్లు, 144. "ఒక్క పెన్ను చూపించండి" అంటే మీ వైపు తలెత్తి కూడా చూడరు. అది పొగరు కాదు, బండి మీద సరుకు ఎక్కుతుంటే వాళ్ళకి తీరిక ఉండదు.

జనవరిలో వస్తే పుస్తకాల పండగ ఉంటుంది. స్వరాజ్ మైదానంలో జరిగినన్నాళ్ళూ నేను రోజూ షాపు కట్టేసి వెళ్ళేవాణ్ణి. ఇప్పుడక్కడ 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం ఉంది, పండగ వేరే మైదానాలకి మారింది. అక్కడైతే మీవారు కూడా ఏమీ అనరు. ఊరంతా ఊరికే చూడ్డానికే వస్తుంది.

*

ప్రశ్న: మొదటిసారి ఫౌంటెన్ పెన్ను కొనాలనుకుంటున్నాను. షాపులో ఎలా చూసి కొనాలి? రత్నం పెన్ను తీసుకోమని మా తాతయ్య అంటున్నారు.
— డిగ్రీ విద్యార్థి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: బాబూ, అందరూ షాపుకొచ్చి పెన్ను చేతికివ్వగానే అడ్డంగా నాలుగు గీతలు గీస్తారు. లేకపోతే ఇంగ్లీషులో సంతకం చేస్తారు. దాంతో ఏమీ తెలీదు. మన అక్షరాలన్నీ గుండ్రటివి. ఠ, ళ, ఋ, క్ష రాయి. వంపు తిరిగే చోట పాళీ కాగితాన్ని గీరితే అది నీ పెన్ను కాదు. పాళీ మీద ఎఫ్ అంటే సన్నం, ఎమ్ అంటే మధ్యస్తం, బి అంటే లావు. చిన్న అక్షరాలు రాసేవాడివైతే ఎఫ్ తీసుకో, లేకపోతే ఒత్తులన్నీ కలిసిపోయి ముద్దవుతాయి. నొక్కి మాత్రం రాయొద్దు. పాళీ విడిపోతే ఆ పెన్ను నువ్వే కొనాల్సి వస్తుంది.

నీ నోట్‌బుక్కులోంచి ఒక కాగితం చింపి జేబులో పెట్టుకుని వెళ్ళు. షాపువాడిచ్చే నున్నటి కాగితం మీద ఏ పెన్నయినా వెన్నలా జారుతుంది.

కాగితం మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న కిటుకు. జీఎస్‌ఎమ్ అంటే ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క. పదహారు ఏ4 కాగితాలు కలిస్తే ఒక చదరపు మీటరు. ఆ లెక్కన 80 జీఎస్‌ఎమ్ కాగితం ఒక్కోటి 5 గ్రాములు, 500 కాగితాల రీము రెండున్నర కిలోలు. 70 అయితే రెండు కిలోల రెండు వందలకి కాస్త తక్కువ. కవరు మీద ఏం రాసినా, అనుమానంగా ఉంటే పక్కనున్న కిరాణా షాపులో తూకం వేయించు. ఫౌంటెన్ పెన్నుకి 80కి తగ్గొద్దని నా మాట.

తాతయ్య గారు చెప్పింది మంచి మాటే. రాజమహేంద్రవరంలో కోసూరి వెంకటరత్నం గారు గాంధీజీ స్వదేశీ మాట పట్టుకుని 1932లో మొదలుపెట్టిన పెన్నులవి. 1935లో గాంధీజీ తన పెన్ను బాగుందని ఆయనకి ఉత్తరం కూడా రాశారు. ఎబొనైట్ అనే గట్టి రబ్బరు కడ్డీని చేత్తో తరిమెన (లేత్) పట్టి చేస్తారు. ఫిల్లరుతో చుక్క చుక్కగా ఇంకు పోసుకోవాలి. నీకంత ఓపిక ఉందా? ఉంటే తీసుకో. లేకపోతే ముందు ఒక మామూలు పెన్నుతో ఆరు నెలలు రాయి. బస్సులో చొక్కా జేబు రెండుసార్లు నీలం అయ్యాక కూడా ఇష్టం పోకపోతే, అప్పుడు రాజమండ్రి రైలెక్కు.

*

ప్రశ్న: నోట్‌బుక్కుల మీద పన్ను తీసేశారన్నారు. మా అబ్బాయి పుస్తకాల బిల్లు ఏమీ తగ్గినట్టు లేదే?
— ఒక తల్లి, మంగళగిరి

జవాబు: తీసేసిన మాట నిజం. 2025 సెప్టెంబరు 22 నుంచి నోట్‌బుక్కులు, పెన్సిళ్ళు, రబ్బర్లు, షార్పనర్లు, క్రేయాన్ల మీద జీఎస్టీ లేదు. బిల్లు అడిగి తీసుకోండి, అందులో వీటి మీద పన్ను వేస్తే నిలదీయండి. ఇంకోటి, రెండు కంపెనీల ధరలు పోల్చేటప్పుడు అట్ట మీది బొమ్మ కాదు, పేజీల సంఖ్య చూడండి. చూపుకి ఒకేలా ఉన్న రెండింటిలో ఒకదానికి ఇరవై, ముప్పై పేజీలు తక్కువుంటాయి. పక్కపక్కన పెట్టి లావు చూసినా తెలీదు, కాగితం మందం మార్చేస్తారు.

*

ప్రశ్న: అమ్మాయి పెళ్ళి. శుభలేఖల షాపులో ఆల్బమ్‌లు చూసి చూసి తల తిరిగింది. ఎలా ఎంచుకోవాలి?
— పెళ్ళికూతురి తండ్రి, ఉయ్యూరు

జవాబు: ఆల్బమ్ మూసేసి జేబులో కాస్త పసుపు పొట్లం పట్టుకెళ్ళండి. నవ్వులాట కాదు. నిగనిగలాడే కార్డుకి నాలుగు మూలలా పసుపు అద్దితే నిలవదు, బంధువు చేతికిచ్చేసరికి రాలిపోతుంది. కాస్త గరుకు కాగితమైతే పట్టుకుంటుంది.

డిజైన్ కన్నా ప్రూఫ్ ముఖ్యం. మా మేనకోడలి పెళ్ళికి, ఇన్నేళ్ళు ఈ వ్యాపారంలో ఉన్నానన్న ధీమాతో, ప్రూఫ్ ఫోనులోనే చూసి సరే అన్నాను. 400 కార్డులు అచ్చయి వచ్చాక మా అక్క చూసింది. తేదీ సరిగ్గా ఉంది, వారం తప్పు. గురువారం బదులు బుధవారం. ప్రెస్సువాడు "మీరే ఓకే చేశారుగా" అన్నాడు, నిజమే కదా. రాత్రి ఒంటిగంట దాకా ఇంటిల్లిపాదీ కూర్చుని 400 చీటీలు కత్తిరించి అంటించాం. అయినా ముగ్గురు ముందురోజే దిగారు. వాళ్ళకి పెళ్ళివారి భోజనం ఒక పూట ఎక్కువ దొరికింది.

కాబట్టి ప్రూఫ్ కాగితం మీద తీయించండి. ఇంట్లో ఇద్దరు చూడాలి. ఒకరు పైకి చదవాలి, ఇంకొకరు లగ్నపత్రిక పట్టుకుని సరిచూడాలి. ఆ రెండోవాళ్ళు ఇంటికి పెద్దావిడ అయితే మంచిది. చుట్టాల పేర్లలో ఎవరిది ముందు, ఎవరిది వెనక అనేది కూడా ఆవిడే పట్టుకుంటుంది.

*

ప్రశ్న: ఢిల్లీలో ఉన్న మనవరాలికి పుట్టినరోజుకి తెలుగు పుస్తకాలు, చేత్తో రాసిన గ్రీటింగ్ కార్డు పంపాలి. కార్డులు ఇంకా దొరుకుతాయా? చవగ్గా ఎలా పంపాలి?
— రిటైర్డ్ టీచరు, అవనిగడ్డ

జవాబు: దొరుకుతాయండీ. ఒకప్పుడు డిసెంబరు 20 దాటితే షాపు బయట బల్ల వేసి మరీ న్యూ ఇయర్ కార్డులు అమ్మేవాణ్ణి, ఇప్పుడు లోపల ఒక్క అర. లోపల ఇంగ్లీషు కవిత్వం అచ్చేసినవి వద్దు, ఖాళీగా ఉన్నది అడగండి. మీరు రాయడానికి చోటుండాలి కదా.

పుస్తకాలకి పాత రిజిస్టర్డ్ బుక్‌పోస్టు లేదిప్పుడు, 2024 డిసెంబరులో ఆపేశారు. 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ వచ్చింది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోలకి 100, పైన పన్ను. విమానంలో కాకుండా నేల మీద వెళ్తుంది కాబట్టి పుట్టినరోజుకి బాగా ముందే పంపండి. అది పుస్తకాల కోసం పెట్టిన సర్వీసు, బొమ్మలూ స్వీట్లూ అందులో కలపకండి. కార్డు విడిగా కవర్లో వేయండి. పిల్లకి రెండుసార్లు పోస్టు వచ్చినట్టుంటుంది.

*

ప్రశ్న: ఇంతకీ మీ షాపు పేరు ఎందుకు చెప్పరు?
— చాలామంది

జవాబు: చెబితే పత్రికవాళ్ళు మా అల్లుడి దగ్గర ప్రకటన డబ్బులు వసూలు చేస్తారు. అయినా ఇప్పుడొచ్చి చూడ్డానికి అక్కడ ఏముందని. ఫౌంటెన్ పెన్నుల అర తీసేసి మొబైల్ కవర్లు పెట్టాడు. మొన్న వెళ్తే నన్నే "ఏం కావాలి సార్" అని అడిగాడు కొత్త కుర్రాడు. ఏం లేదు బాబూ, ఊరికే చూద్దామని వచ్చాను అన్నాను. అదేం లెక్కో, బోణీ అయిందో లేదో అడగడం మర్చిపోయాను.