టెక్ సందేహాలు: షాఫ్టుల కంటే ముందు కాటా కొనండి

ప్రశ్న: నా వయసు 58. గుంటూరు బ్రాడీపేటలో ఉంటాను. నెలకోసారి విశాఖ వెళ్లి ఈస్ట్ పాయింట్ క్లబ్బులో గోల్ఫ్ ఆడతాను. స్టీలు షాఫ్టుల (పొడవాటి కడ్డీల) ఐరన్లతో, అంటే బంతిని కొట్టే క్లబ్బుల్లో ఒక రకంతో, ఆడీ ఆడీ మోచేయి పట్టేస్తోంది. బంతికి తగిలే హెడ్లు బాగానే ఉన్నాయి. 5వ నంబరు ఐరన్ నుంచి వీటిలో అన్నిటికంటే పొట్టిదైన పిచింగ్ వెడ్జ్ దాకా ఆరింటికీ నేనే గ్రాఫైట్ షాఫ్టులు బిగించుకుందామనుకుంటున్నాను. ఒక్కోటి రెండు వేలకు ఇస్తామనేవారూ ఉన్నారు, పది వేలు చెప్పేవారూ ఉన్నారు. చౌకవి కొంటే మోసపోతానా? ఆర్ రకం తీసుకోవాలా, ఎస్ రకం తీసుకోవాలా? నా 7 ఐరన్ 140 గజాలు పోతుంది.

జవాబు: ఫోను వేడెక్కుతోంది, వాట్సాప్ నిండిపోయింది అనే ఉత్తరాల మధ్య మీది వచ్చింది. రెండుసార్లు చదువుకున్నాను. చౌకవే కొనండి. ఖరీదైన షాఫ్టులో మీరు డబ్బు పోసేది చాలావరకు ఒకదానికీ ఇంకొకదానికీ తేడా రాకుండా చేసే తయారీకి. ఆ తేడాను కొంతవరకు ఇంట్లో మీరే సరిచేసుకోవచ్చు.

ముందు ఆ అక్షరాల సంగతి. ఆర్ (మామూలు), ఎస్ (గట్టిది), ఎక్స్ (ఇంకా గట్టిది) అని ముద్రించే గట్టిదనానికి పరిశ్రమ మొత్తానికీ ఒకే కొలత లేదు. ఒక కంపెనీ ఆర్ ఇంకో కంపెనీ ఎస్ అంత గట్టిగా ఉండవచ్చు. గుంటూరు వారికి దీన్ని విడమరచి చెప్పాల్సిన పని లేదు. బస్తా మీద తేజ అని రాసి ఉన్నంత మాత్రాన మిర్చి యార్డులో ఎవరూ ధర కట్టరు కదా, గుప్పెడు కాయలు తీసి విరిచి చూస్తారు. మీ 140 గజాల లెక్కకు సాధారణంగా ఆర్ సరిపోతుంది, దానితో మొదలుపెట్టండి. అంతకంటే ఎక్కువగా ఆ అక్షరం గురించి ఆలోచించవద్దు.

మీ మోచేతికి తేడా తెలిసేది బరువులో, అదురులో. స్టీలు ఐరన్ షాఫ్టులు ఎక్కువగా 95 నుంచి 130 గ్రాముల మధ్య ఉంటాయి. గ్రాఫైట్‌లో 50 నుంచి 95 దాకా దొరుకుతాయి. బంతి సరిగ్గా తగలనప్పుడు చేతికి పాకే అదురును గ్రాఫైట్ బాగా మింగేస్తుంది. అలాగని ఇదే మోచేతికి వైద్యం అనుకోకండి, డాక్టరుకు చూపించుకోండి. బరువు తగ్గితే మంచిదని ఒక్కసారిగా 50 గ్రాములకు దిగవద్దు. ఇన్నాళ్లూ బరువైన దానికి అలవాటు పడిన చేతులకు క్లబ్బు ఎక్కడుందో తెలియదు. మీకు 70 నుంచి 80 గ్రాములు నా మాట.

ఇప్పుడు అసలు లెక్క. మీ పాత షాఫ్టు 120 గ్రాములు, కొత్తది 75 అనుకుందాం. 45 గ్రాములు తగ్గాయి. షాఫ్టులో దాదాపు తొమ్మిది గ్రాములు తగ్గితే స్వింగ్ వెయిట్ ఒక పాయింటు పడిపోతుంది. స్వింగ్ వెయిట్ అంటే పట్టుకుని ఊపితే హెడ్ ఎంత బరువుగా తోస్తుందో చెప్పే కొలత. అంటే మీకు అయిదు పాయింట్లు పోయినట్టు. ఈ కొలతలో సి9 తరువాతి మెట్టు డి0 కాబట్టి, డి2 ఉన్న క్లబ్బు సి7కు వస్తుంది, చేతిలో ఖాళీ కర్ర ఊపినట్టు ఉంటుంది. గ్రాఫైట్ ఐరన్లను స్టీలువాటి కంటే అర అంగుళం పొడవుగా కట్టడంలో మర్మం ఇదే. అర అంగుళానికి మూడు పాయింట్లు తిరిగి వస్తాయి. స్టీలులో 37 అంగుళాలున్న 7 ఐరన్‌ను 37.5 చేయండి. ఇంకా రెండు పాయింట్లు మిగిలాయి. హెడ్ దగ్గర రెండు గ్రాములు ఒక పాయింటు కాబట్టి నాలుగు గ్రాముల సీసపు టేపు హెడ్ వెనుక అంటిస్తే సరి. చేత్తో పట్టుకునే గ్రిప్ బరువు మాత్రం పాతదానంతే ఉండాలి, లేకపోతే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది.

అందుకే ముందు కాటా కొనమన్నాను. ఒక గ్రాము తేడా చూపించే చిన్న డిజిటల్ కాటా చాలు. షాఫ్టులు రాగానే ఒక్కొక్కటి తూచి, మాస్కింగ్ టేపు ముక్క మీద బరువు రాసి అంటించండి. చౌక షాఫ్టుల్లో రెండు మూడు గ్రాముల తేడాలు కనిపిస్తే కంగారు పడవద్దు. తేలికది 5 ఐరన్‌కు, బరువైనది పిచింగ్ వెడ్జ్‌కు వచ్చేలా వరసగా పేర్చుకోండి. ఆరు క్లబ్బులకు ఏడు షాఫ్టులు తెప్పించండి. కోతలో ఒకటి పాడవుతుందనే నేను అనుకుంటున్నాను. అన్నిటికంటే ముందు ఒక్కటే కొని, 7 ఐరన్‌కు బిగించి రెండు ఆటలు ఆడితే ఇంకా మేలు.

ఆర్డరు పెట్టే ముందు హెడ్ మెడ లోపలి రంధ్రం కొలవాలి. ఐరన్లలో రెండు కొలతలున్నాయి. 0.370 అంగుళాలు, అంటే 9.4 మిల్లీమీటర్లు ఉంటే పారలల్ రకం. 0.355, అంటే 9 మిల్లీమీటర్లు ఉండి కిందికి సన్నబడితే టేపర్ రకం. తేడా అర మిల్లీమీటరు కూడా లేదు, కానీ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. పారలల్ షాఫ్టు లావైందని గ్రాఫైట్‌ను అరగదీసి దూర్చవద్దు, బలమంతా ఆ పోగుల్లోనే ఉంది. విజయవాడ ఆటోనగర్‌లో ఏ లేత్ షాపుకు వెళ్లినా వెర్నియర్‌తో నిమిషంలో కొలిచి చెబుతారు. పనిలో పనిగా రంధ్రం అంచును లోపలికి కాస్త వాలుగా తీయించండి. స్టీలుకు పరవాలేదు కానీ, ఆ పదునైన అంచు గ్రాఫైట్‌ను కొరికేస్తుంది.

పారలల్ రకంలో ఒకే పొడవు షాఫ్టులు వస్తాయి. కంపెనీ పట్టిక ప్రకారం హెడ్‌లోకి దిగే సన్నటి కొసను 5 ఐరన్‌కు ఎంత కోయాలో అంత కోసి, తరువాతి ఒక్కో ఐరన్‌కు అర అంగుళం చొప్పున ఎక్కువ కోయాలి. మిగిలిన పొడవును గ్రిప్ వైపు తగ్గించాలి. అంతా గ్రిప్ వైపే కోసేస్తే 9 ఐరన్, వెడ్జ్ మెత్తగా తయారవుతాయి. టేపర్ రకంలో సన్నటి కొసను అసలు ముట్టుకోకూడదు. సన్నపళ్ల హాక్సా బ్లేడు వాడండి, కోసే చోట టేపు చుట్టండి, ముక్కుకు మాస్కు పెట్టుకోండి. స్టీలు గొట్టాలు కోసే పైప్ కట్టర్ గ్రాఫైట్‌ను నలిపేస్తుంది.

జిగురు విషయంలో నా అనుభవం ఒకటుంది. మొదటిసారి కట్టినప్పుడు తొందరపడి, అయిదు నిమిషాల్లో బిగిసేది వాడాను. హైదరాబాదులో గోల్ఫ్ సాధన చేసే ఒక డ్రైవింగ్ రేంజిలో ఇరవయ్యో బంతికో ఎన్నో బంతికో హెడ్ ఊడి, బంతి కంటే దూరం పోయింది. పక్కవారికి తగలకపోవడం నా అదృష్టం. 24 గంటలు పట్టే, షాఫ్టుల కోసమే చేసిన ఎపాక్సీ తెప్పించండి. కొస మీద పెయింటు మెరుపు పోయేదాకా ఎమెరీ కాగితంతో రుద్ది, నల్ల పొడి కనిపించగానే ఆపండి. మన మే నెల ఎండలో కారు డిక్కీలో క్లబ్బులు వదిలేయడం కూడా ఆ అతుకుకు మంచిది కాదు.

ధర దగ్గర ఒక్క మాట. విదేశీ సైట్‌లో కనిపించే ధర మీ ఇంటికి చేరే ధర కాదు. కస్టమ్స్ సుంకం, పన్ను, పొడవైన పెట్టెకు కొరియర్ ఛార్జీ కలుపుకున్నాకే ఇక్కడి ధరతో పోల్చండి.

ప్రశ్న: విజయవాడలో ఒకరు ఐరన్ల నుంచి ఊడదీసిన పాత గ్రాఫైట్ షాఫ్టులు ఎనిమిది వందలకు ఒకటి చొప్పున ఇస్తామంటున్నారు. కొనవచ్చా?

జవాబు: ఒకే సెట్టు నుంచి తీసినవైతే, అదే వరసలో అవే నంబర్ల హెడ్లకు వాడుకుంటానంటే కొనవచ్చు. 8 ఐరన్ నుంచి తీసిన షాఫ్టు 5 ఐరన్‌కు పొడవు చాలదు. కొస కూడా ముందే కోసేసి ఉంటుంది కాబట్టి గట్టిగా ఉంటుంది. ఊడదీసేటప్పుడు వేడి ఎక్కువైతే కొస దగ్గర రంగు మాడి, పోగులు లేస్తాయి. కొసను వేళ్ల మధ్య గట్టిగా నొక్కండి, చిటపటమని చప్పుడు వస్తే తిరిగి ఇచ్చేయండి. ఎలా తీశారని కూడా అడగండి. మెలిపెట్టి లాగామంటే అక్కడి నుంచి వచ్చేయండి, తిన్నగా లాగే పుల్లర్‌తో తీశామంటే బేరం మొదలుపెట్టండి.